లైనక్స్ లో డిఫాల్ట్ ప్రాసెస్ షెడ్యూలర్ మార్చడం ఎలా? బిల్డ్ నడుస్తుంటే మీటింగ్ లో వాయిస్ తెగిపోతోంది

పాలకొల్లు_పెంగ్విన్

అందరికీ నమస్తే. కెర్నెల్ (ఓఎస్ గుండెకాయ) లో డిఫాల్ట్ గా వచ్చే ప్రాసెస్ షెడ్యూలర్ ని, అంటే ఏ ప్రోగ్రాం కి ఎప్పుడు ఎంతసేపు సీపీయూ ఇవ్వాలో తేల్చేదాన్ని, తీసేసి వేరేది పెట్టుకుందామని చూస్తున్నా, ఎక్కడ మొదలెట్టాలో తెలియట్లేదు, తెలిసినవాళ్ళు కొంచెం దారి చెప్పండి.

లాప్‌టాప్ 8 కోర్లు, 16 జీబీ ర్యామ్, ఉబుంటు 24.04, కెర్నెల్ 6.8. నా పని మొత్తం ఒక పెద్ద సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టు మీద, ఫుల్ బిల్డ్ (కోడ్ మొత్తాన్ని కంపైల్ చెయ్యడం) పెట్టానంటే ఎనిమిది కోర్లూ నిండిపోతాయి, అదే టైమ్ లో బ్రౌజర్ లో మీటింగ్ ఉందంటే అవతలివాళ్ళ గొంతు ముక్కలు ముక్కలుగా వినపడుతుంది, మౌస్ కూడా ఆగి ఆగి కదులుతుంది, బిల్డ్ అయిపోగానే అంతా మామూలే.

ఇప్పటిదాకా చేసినవి చెప్తా. మెనూకాన్ఫిగ్ (కెర్నెల్ ఆప్షన్లు ఎంచుకునే మెనూ) తెరిచి షెడ్యూలర్ అని వెతికితే ఐఓ షెడ్యూలర్లు తప్ప ఏమీ కనపడలేదు. సిస్ కింద బ్లాక్ ఫోల్డర్ లో నా ఎన్‌వీఎంఈ డిస్క్ కి నన్ (ఏ ఐఓ షెడ్యూలరూ లేదు) అని ఉన్నదాన్ని బీఎఫ్‌క్యూ అనే ఐఓ షెడ్యూలర్ కి మార్చా, తేడా ఏం లేదు. ఒక పాత పోస్ట్ లో మక్స్ అనే వేరే షెడ్యూలర్ ప్యాచ్ వేసుకోమన్నారు, అది 6.8 మీద అస్సలు పడట్లేదు. ఇంకో చోట సిస్‌కంట్రోల్ (నడుస్తున్న కెర్నెల్ సెట్టింగులు మార్చేది) లో షెడ్ లేటెన్సీ విలువ తగ్గించమన్నారు, ఆ పేరుతో నా మిషన్ లో ఫైలే లేదు. బిల్డ్ ని నైస్ 19 తో, అంటే అన్నిటికన్నా తక్కువ ప్రాధాన్యంతో, కూడా నడిపా, ఏదో కొంచెం నయం అనిపించింది కానీ వాయిస్ మాత్రం తెగుతూనే ఉంది.

అసలు మామూలు కెర్నెల్ లో షెడ్యూలర్ ని ఎంచుకునే వీలు ఉందా లేదా? ఉంటే కెర్నెల్ మళ్ళీ కంపైల్ చెయ్యకుండా అవుతుందా? ఇది ఆఫీసు పని చేసుకునే మిషన్, బూట్ అవ్వకుండా పోతే కష్టం, అది కూడా చూసి చెప్పండి ప్లీజ్.

ఓరుగల్లు_రూట్

తమ్మీ, ముందుగాల రెండు షెడ్యూలర్లను వేరు చేస్కో. నువ్వు బ్లాక్ ఫోల్డర్ ల మార్చింది ఐఓ షెడ్యూలర్, డిస్క్ కి పోయే రిక్వెస్టులు ఏ వరుసల పోవాలెనో అది సూస్తది, సీపీయూ ఎవరికి ఎంతసేపు ఇయ్యాలె అనేదాంతోని దానికి సంబంధమే లేదు. దాన్ని మళ్ళ నన్ చేసెయ్, ఎన్‌వీఎంఈ కి అదే మంచిగుంటది.

ఇగ మెనూకాన్ఫిగ్ ల ఎంత ఎతికినా దొరకది, ఎందుకంటే మెయిన్‌లైన్ లైనక్స్ ల (లైనస్ టోర్వాల్డ్స్ విడుదల చేసే అసలు కెర్నెల్) ఆ ఆప్షన్ పెట్టనేలేదు, కావాలని పెట్టలేదు. 2007 ల దీని మీద పెద్ద లొల్లే అయింది. కాన్ కొలివాస్ అని ఆస్ట్రేలియాల మత్తు డాక్టర్, డెస్క్‌టాప్ వాడేటోళ్ళ కోసం ఫెయిర్ షెడ్యూలింగ్ ప్యాచ్ లు రాసిండు, షెడ్యూలర్లను మార్చుకునే ప్లగ్‌షెడ్ కూడా చర్చకొచ్చింది, లైనస్ దానికి ఒప్పుకోలే. ఒక్కటే షెడ్యూలర్ ఉండాలె, అది అందరికీ పని చెయ్యాలె, తలా ఒకటి పెట్టుకుంటే ఎవ్వరూ ఉన్నదాన్ని బాగు చెయ్యరు అనేది ఆయన వాదన. ఫెయిర్‌నెస్ ఆలోచన కొలివాస్ చూపిస్తే కెర్నెల్ షెడ్యూలర్ చూస్కునే ఇంగో మోల్నార్ దాన్ని తన పద్ధతిల రాసి సీఎఫ్ఎస్ (కంప్లీట్లీ ఫెయిర్ షెడ్యూలర్) అని కెర్నెల్ 2.6.23 ల పెట్టిండు, మోల్నార్ కొలివాస్ పేరు చెప్పి క్రెడిట్ ఇచ్చిండు కూడా. కొలివాస్ కొన్నాళ్ళు దూరం పోయి 2009 ల బీఎఫ్ఎస్ అనే షెడ్యూలర్ తోని మళ్ళ వచ్చిండు, తర్వాత 2016 ల దాన్నే మక్స్ చేసిండు, 2021 ల మొత్తం ఆపేసిండు. నీ ప్యాచ్ 6.8 మీద పడకపోవుడు అందుకే, దాన్ని చూస్కునేటోడే లేడు, బలవంతంగ అతికియ్యకు.

షెడ్ లేటెన్సీ ఫైల్ లేకపోవుడు కూడా నీ మిషన్ తప్పు కాదు. 5.13 ల ఆ విలువలను సిస్‌కంట్రోల్ నుంచి డీబగ్ ఫోల్డర్ కి మార్చిన్రు, 6.6 ల షెడ్యూలర్ లెక్కనే మారిపోయింది కాబట్టి ఆ పాత విలువలకు అర్థమే పోయింది. 6.6 నుంచి సీఎఫ్ఎస్ జాగాల ఈఈవీడీఎఫ్ అనే షెడ్యూలర్ ఉన్నది, పీటర్ జిల్‌స్ట్రా తెచ్చిండు, అసలు ఆలోచన స్టోయికా, అబ్దెల్ వహాబ్ అనే ఇద్దరు 1995 ల రాసిన పేపర్ ది. నీ 6.8 ల నడుస్తున్నది అదే.

అది చేసే పని సింపుల్ గ చెప్తా. ఎవరికి రావాల్సిన వాటా ఎంత, వచ్చింది ఎంత అని లెక్క పెడ్తది, బాకీ ఉన్నోళ్ళను మాత్రమే లైన్ ల నిలబెడ్తది, ఆ నిలబడ్డోళ్ళల్ల ఎవరి డెడ్‌లైన్ ముందు ఉంటే వాళ్ళకు సీపీయూ ఇస్తది. డెడ్‌లైన్ ఎట్ల వస్తదంటే అడిగిన స్లైస్ (ఒక్క విడతల వాడే సీపీయూ టైమ్) ఎంత చిన్నగుంటే అంత దగ్గర. రెండు టాస్క్ ల వెయిట్ (వాటా లెక్క) ఒక్కటే అనుకో, ఒకటి 3 మిల్లీసెకండ్లు అడిగి ఇంకోటి అర మిల్లీసెకండు అడిగితే, మొత్తం మీద ఇద్దరికీ వచ్చే సీపీయూ సమానమే గానీ చిన్నది అడిగినోడు తొందరగ ఎక్కి తొందరగ దిగుతడు. ఆడియో కి కావాల్సింది గదే. 6.12 నుంచి ప్రోగ్రామే తనకు కావాల్సిన స్లైస్ 0.1 నుంచి 100 మిల్లీసెకండ్ల దాక అడుక్కోవచ్చు, గానీ ఆ ప్రోగ్రాం రాసినోడు అడిగితేనే.

ఇంకో మాట. కెర్నెల్ ల షెడ్యూలర్ అంటే ఒక్కటి కాదు, క్లాసులు ఉంటయ్, ఒకదాని మీద ఒకటి. పైన డెడ్‌లైన్, దాని కింద రియల్‌టైమ్, దాని కింద ఫెయిర్. మనం డిఫాల్ట్ అనేది ఆ ఫెయిర్ నే. దాన్ని మార్చుకునే దారి ఇప్పుడు ఒకటి వచ్చింది, షెడ్-ఎక్స్‌ట్ అని, 6.12 నుంచి. నేను దాంట్ల చెయ్యి పెట్టలే, వాడినోళ్ళు చెప్తరు.

సర్వర్_సుధ

పెంగ్విన్ గారూ, షెడ్యూలర్ మార్చడం తర్వాత సంగతి, ముందు ఆలస్యం ఎక్కడ జరుగుతోందో కొలవండి. ఇది నేను గట్టిగా చెప్తాను ఎందుకంటే నేను చూసిన సర్వర్లలో షెడ్యూలర్ మీద పడ్డ నిందల్లో సగానికి పైగా చివరికి మెమరీ దగ్గరే తేలాయి. సీ ప్లస్ ప్లస్ బిల్డ్ లో ఒక్కో కంపైలర్ ప్రాసెస్ ఒక జీబీ పైన తినడం మామూలే, ఎనిమిది ఒకేసారి నడిచి పైన బ్రౌజర్ కూడా ఉంటే 16 జీబీ సరిపోక స్వాప్ లోకి (ర్యామ్ చాలక డిస్క్ మీదికి) వెళ్ళిందంటే ప్రపంచంలో ఏ షెడ్యూలర్ పెట్టినా మౌస్ ఆగుతుంది.

ప్రాక్ కింద ప్రెషర్ అనే ఫోల్డర్ ఉంటుంది, ప్రోగ్రాంలు దేనికోసం ఎంత ఆగుతున్నాయో చూపిస్తుంది, 4.20 నుంచి ఉంది. అందులో మెమరీ ఫైల్ ని బిల్డ్ నడుస్తుండగా చదవండి, ఫుల్ అనే లైన్ లో సున్నా కాకుండా అంకెలు కదులుతుంటే మీ సమస్య మెమరీ, జాబ్ ల సంఖ్య తగ్గించండి, అక్కడితో అయిపోతుంది. అదే ఫోల్డర్ లో సీపీయూ ఫైల్ చూసి మాత్రం కంగారు పడకండి, ఎనిమిది జాబ్ లు పెడితే అవి ఒకదాని కోసం ఒకటి ఆగుతూ ఉంటాయి కాబట్టి అది ఎలాగూ ఎక్కువే చూపిస్తుంది. మీకు కావాల్సింది బ్రౌజర్ ఎంత ఆగుతోంది అనేది, దానికి బ్రౌజర్ ఉన్న సీగ్రూప్ (కెర్నెల్ లెక్కలో ప్రాసెస్ ల గుంపు) లోపల విడిగా సీపీయూ ప్రెషర్ ఫైల్ ఉంటుంది, అది చూడండి.

ఇంకా కచ్చితంగా కావాలంటే పెర్ఫ్ అనే కొలిచే టూల్ లో పెర్ఫ్ షెడ్ రికార్డ్ ని ఒక పది సెకన్లు నడిపి, పెర్ఫ్ షెడ్ లేటెన్సీ తో చూస్తే ఒక్కో థ్రెడ్ లేచిన తర్వాత సీపీయూ దొరికేదాకా గరిష్ఠంగా ఎంతసేపు ఆగిందో వస్తుంది. పైప్‌వైర్ (ఉబుంటులో ఆడియో నడిపేది) డిఫాల్ట్ గా 48000 హెర్ట్జ్ లో 1024 శాంపిళ్ళ చొప్పున పని చేస్తుంది, అంటే సుమారు 21 మిల్లీసెకండ్లు. ఆడియో దారిలో ఉన్న ఏ థ్రెడ్ అయినా అంతకు మించి ఆగిపోతే శబ్దం తెగుతుంది. పైప్‌వైర్ అసలు థ్రెడ్ రియల్‌టైమ్ క్లాసులో ఉందో లేదో కూడా సీహెచ్‌ఆర్‌టీ కమాండ్ తో చూసుకోండి, ఉంటే దాన్ని ఫెయిర్ షెడ్యూలర్ ముట్టుకోదు, మీరు షెడ్యూలర్ మార్చినా దానికి తేడా రాదు. ఉండాల్సిన చోట లేకపోతే ముందు అది సరిచేయండి.

నైస్ 19 ఎందుకు సరిగ్గా పనిచెయ్యలేదో కూడా చెప్తాను, ఇది చాలామందికి తెలియదు. లెక్క ప్రకారం నైస్ 0 కి వెయిట్ 1024, నైస్ 19 కి 15, అంటే తేడా చాలా ఎక్కువ. కానీ ఆ పోలిక ఒకే గుంపులో ఉన్న టాస్క్ ల మధ్యే జరుగుతుంది. 2.6.38 నుంచి ఆటోగ్రూప్ అని ఒకటి ఉంది, ఒక్కో సెషన్ ని ఒక్కో గుంపు చేస్తుంది, లేదంటే సిస్టమ్‌డీ (సర్వీసులని, సెషన్లని నడిపే ప్రోగ్రాం) సీగ్రూప్ లు గుంపులు చేస్తాయి. టెర్మినల్ ఒక గుంపు, డెస్క్‌టాప్ ఇంకో గుంపు అయితే ముందు గుంపులకి సమానంగా పంచుతుంది, ఆ తర్వాతే లోపల నైస్ చూస్తుంది. మీ టెర్మినల్ గుంపులో ఉన్నవన్నీ నైస్ 19 అయితే ఆ గుంపు వాటా ఏమీ తగ్గదు.

అందుకని గుంపు వెయిట్ నే తగ్గించండి. సిస్టమ్‌డీ-రన్ కి యూజర్, స్కోప్ ఆప్షన్లు ఇచ్చి, సీపీయూ వెయిట్ ప్రాపర్టీ 20 అని పెట్టి, దాని వెనక మీ మేక్ కమాండ్ ఇవ్వండి. డిఫాల్ట్ 100, 1 నుంచి 10000 దాకా ఇవ్వచ్చు. మీ వెర్షన్ లో అంకె బదులు ఐడిల్ అని కూడా పెట్టొచ్చు, అప్పుడు మిగతావాళ్ళు వదిలేసిన సీపీయూ మాత్రమే బిల్డ్ కి వెళ్తుంది. ఇది చేసి చూసి చెప్పండి, షెడ్యూలర్ ని ముట్టుకోకుండానే అయిపోవచ్చు.

బీఎస్డీ_బాబాయ్

లైనక్స్ ప్రశ్నే అయినా ఒక్క మాట. ఫ్రీబీఎస్డీ (యూనిక్స్ కుటుంబంలో ఇంకో ఓఎస్) లో చాలా ఏళ్ళుగా ఇది ఎంచుకునే విషయమే, కెర్నెల్ కాన్ఫిగ్ ఫైల్ లో షెడ్ యూఎల్ఈ, షెడ్ 4బీఎస్డీ అని రెండు ఆప్షన్లు, జనరిక్ అనే డిఫాల్ట్ కాన్ఫిగ్ ఫైల్ ని కాపీ చేసుకుని ఆ లైన్ మార్చి బిల్డ్ కెర్నెల్, ఇన్‌స్టాల్ కెర్నెల్ చేసుకోవడమే. జెఫ్ రాబర్సన్ రాసిన యూఎల్ఈ 2003 లో 5.1 తో వచ్చింది, కానీ డిఫాల్ట్ అయ్యింది 2009 లో 7.1 తో, మధ్యలో అన్నేళ్ళూ పాతదాన్నే డిఫాల్ట్ గా ఉంచి కొత్తదాన్ని కావాల్సినవాళ్ళ చేత వాడించి గట్టిపరిచారు. ఎంచుకునే వీలు ఇస్తే ఎవరూ బాగుచెయ్యరు అన్న వాదన నేను ఒప్పుకోను, రెండూ ఉండబట్టే ఎక్కడ ఏది వెనకబడుతోందో పోల్చి చూపించగలిగారు జనం. నడుస్తున్నది ఏదో చూడాలంటే సిస్‌కంట్రోల్ లో కెర్న్ షెడ్ నేమ్.

పాలకొల్లు_పెంగ్విన్

రూట్ అన్నా, సుధ గారూ, చాలా థాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. చూసినవి ఇవి. మెమరీ ప్రెషర్ లో ఫుల్ మొత్తం సున్నాలే, కాబట్టి అది కాదు. పైప్‌వైర్ థ్రెడ్ రియల్‌టైమ్ లోనే ఉంది, పెర్ఫ్ లో దాని ఆలస్యం పట్టించుకోనంత చిన్నది. కానీ బ్రౌజర్ థ్రెడ్లు కొన్ని మీరు చెప్పిన 21 మిల్లీసెకండ్లు దాటి ఆగుతున్నాయి, వాయిస్ తెగేది అక్కడే అని ఇప్పుడు అర్థమైంది. సీపీయూ వెయిట్ 20 పెట్టి బిల్డ్ నడిపితే వాయిస్ శుభ్రంగా వచ్చింది, బిల్డ్ కి పట్టే టైమ్ కూడా పెద్దగా పెరగలేదు. మౌస్ మాత్రం స్క్రీన్ షేర్ చేస్తున్నప్పుడు ఇంకా కొంచెం తడబడుతోంది. పని నడిచిపోతుంది కానీ ఆ షెడ్-ఎక్స్‌ట్ సంగతి కూడా నిజంగా తెలుసుకోవాలని ఉంది, ఎవరైనా వాడారా?

రాత్రిపూట_కంపైలర్

నేను వాడుతున్నా బ్రో, చెప్తా.

షెడ్-ఎక్స్‌ట్ అంటే షెడ్యూలర్ ని బీపీఎఫ్ ప్రోగ్రాం (కెర్నెల్ లోపల భద్రంగా నడిపే చిన్న కోడ్) గా రాసి నడుస్తున్న కెర్నెల్ లోకి ఎక్కించడం. తేజున్ హో, డేవిడ్ వెర్నెట్ వాళ్ళు మెటా లో ఉండి మొదలుపెట్టారు, ఫెయిర్ షెడ్యూలర్ చూసే పీటర్ జిల్‌స్ట్రా గట్టిగా వద్దన్నాడు, చాలాకాలం నలిగింది, చివరికి 2024 జూన్ లో లైనస్ నేను తీసుకుంటున్నా అని చెప్పేశాడు, ఆ ఏడాది నవంబర్ లో వచ్చిన 6.12 లో కలిసింది. 2007 లో వద్దన్న మనిషే 2024 లో సరే అనడం నాకు చాలా నచ్చిన విషయం, ఎందుకంటే ఇప్పుడు షెడ్యూలర్ మీద ఒక ఆలోచన వస్తే కెర్నెల్ బిల్డ్ చేసి రీబూట్ కొట్టే పని లేదు, ప్రోగ్రాం మార్చి మళ్ళీ ఎక్కించడమే, మన కాలేజీల్లో ఓఎస్ చదివే పిల్లలు కూడా మామూలు లాప్‌టాప్ మీద సొంత షెడ్యూలర్ రాసి చూడొచ్చు.

నువ్వు భయపడుతున్న విషయం ముందు చెప్తా. ఇందులో మిషన్ పోవడం కష్టం. ఎక్కించేముందు వెరిఫయర్ కోడ్ ని చెక్ చేస్తుంది, తప్పు మెమరీ ముట్టుకునే కోడ్ ని లోపలికి రానివ్వదు. ఎక్కిన తర్వాత ఏదైనా టాస్క్ సిద్ధంగా ఉండి కూడా మరీ ఎక్కువసేపు సీపీయూ దొరక్కపోతే, డిఫాల్ట్ గా 30 సెకన్లు, వాచ్‌డాగ్ ఆ షెడ్యూలర్ ని గెంటేసి అందరినీ మళ్ళీ ఫెయిర్ క్లాసుకి పంపేస్తుంది. అప్పటిదాకా ఆగలేకపోతే సిస్‌ఆర్‌క్యూ (కెర్నెల్ కి నేరుగా ఆదేశమిచ్చే కీ) తో పాటు షిఫ్ట్ పట్టుకుని పెద్ద ఎస్ నొక్కితే, సెట్టింగుల్లో దానికి అనుమతి ఉంటే, వెంటనే దిగిపోతుంది. మామూలుగా అయితే నువ్వు నడిపిన ప్రోగ్రాం ని కంట్రోల్ సీ తో ఆపితే చాలు, ఈఈవీడీఎఫ్ తిరిగి వచ్చేస్తుంది. రీబూట్ చేస్తే ఎలాగూ ఉండదు, సర్వీస్ గా పెట్టుకుంటేనే బూట్ లో వస్తుంది. కెర్నెల్ ఇమేజ్ మారదు కాబట్టి సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న కెర్నెల్ నే బూట్ అవ్వనిచ్చే రక్షణ) సంతకాల గొడవ కూడా లేదు.

చెయ్యాల్సినవి. నీ 6.8 లో ఇది లేదు, ఉబుంటు 24.04 కే హెచ్‌డబ్ల్యూఈ కెర్నెల్ (కొత్త హార్డ్‌వేర్ కోసం ఉబుంటు ఇచ్చే కొత్త కెర్నెల్) వేసుకుంటే 6.14 లేదా అంతకన్నా కొత్తది వస్తుంది. వచ్చాక బూట్ ఫోల్డర్ లో ఉన్న కాన్ఫిగ్ ఫైల్ తెరిచి కాన్ఫిగ్ షెడ్ క్లాస్ ఎక్స్‌ట్ ఆన్ లో ఉందో చూసుకో. తర్వాత ఎస్సీఎక్స్ (షెడ్-ఎక్స్‌ట్ షెడ్యూలర్లు ఉండే) ప్రాజెక్టు సోర్స్ తెచ్చి రస్ట్, క్లాంగ్ తో బిల్డ్ చేసుకోవాలి, ఆర్చ్ వాళ్ళకైతే రెడీ ప్యాకేజీ ఉంది. అందులో చాలా షెడ్యూలర్లు ఉంటాయి. సింపుల్ అని పేరున్నది నేర్చుకోడానికి పెట్టింది, రోజువారీ పనికి కాదు. నీకు సరిపోయేది బీపీఎఫ్‌ల్యాండ్, ఇంటరాక్టివ్ పనులకి ముందు చోటు ఇవ్వడం దాని ఉద్దేశమే. ల్యావ్డ్ అనేది స్టీమ్ డెక్ లాంటి గేమింగ్ మిషన్లని మనసులో పెట్టుకుని రాసింది, అది కూడా చూడొచ్చు. సుడో తో నడపగానే ఎక్కేస్తుంది, సిస్ కింద కెర్నెల్, దాని కింద షెడ్-ఎక్స్‌ట్ ఫోల్డర్ లో స్టేట్ ఫైల్ చదివితే ఎనేబుల్డ్ అని ఉంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త, సుధ గారి సీపీయూ వెయిట్ చిట్కా ఫెయిర్ షెడ్యూలర్ లోది. ఎస్సీఎక్స్ షెడ్యూలర్లలో చాలావరకు సీగ్రూప్ వెయిట్ ని పట్టించుకోవు, ఫ్లాట్ సీజీ లాంటివి ప్రత్యేకంగా దానికోసం రాశారు. కాబట్టి బీపీఎఫ్‌ల్యాండ్ ఎక్కించి పాత కమాండ్ తోనే బిల్డ్ పెట్టి ఇది పనికిరాదు అనుకోకు, దాని కింద బిల్డ్ ని నైస్ తో నడిపి చూడు. రెండిటినీ ఒకే బిల్డ్ మీద, ఒకేలాంటి కాల్ మీద పెర్ఫ్ తో పోల్చు, కళ్ళకి అనిపించేదాన్ని నమ్మకు.

కెర్నెల్ కంపైల్ చేసుకునే దారి కూడా ఉంది, బోర్ అనే ప్యాచ్, ఈఈవీడీఎఫ్ నే తీసుకుని ఒక్కో టాస్క్ ఏకబిగిన ఎంత సీపీయూ తింటోందో చూసి దాన్నిబట్టి వెనక్కి జరుపుతుంది. క్యాచీ ఓఎస్ దీంతో కెర్నెల్ ఇస్తుంది. సొంతంగా చేస్తానంటే ఇప్పుడు నడుస్తున్న కాన్ఫిగ్ ని కాపీ చేసి ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ (కొత్త ఆప్షన్లకి డిఫాల్ట్ విలువలు పెట్టేది) కొట్టు, ప్యాచ్ ని ముందు డ్రై రన్ తో చూడు, ఉబుంటు కాన్ఫిగ్ లో సిస్టమ్ ట్రస్టెడ్ కీస్ లో వాళ్ళ సర్టిఫికెట్ పేరు ఉంటుంది, అది ఖాళీ చెయ్యకపోతే బిల్డ్ మధ్యలో ఆగుతుంది, పాత కెర్నెల్ ని గ్రబ్ (బూట్ మెనూ) లో తప్పకుండా ఉంచు. కానీ సెక్యూర్ బూట్ ఉంటే నీ కీ ని మోక్ (మిషన్ ఓనర్ సొంత కీల జాబితా) లో ఎక్కించి సంతకం చెయ్యాలి, సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ మళ్ళీ ఇదంతా చెయ్యాలి. ఆఫీసు మిషన్ కి నేనైతే ఈ దారి చెప్పను.

పాలకొల్లు_పెంగ్విన్

అదిరింది బ్రో. హెచ్‌డబ్ల్యూఈ కెర్నెల్ వేశా, ముందు ఏ షెడ్యూలర్ మార్చకుండానే చూశా, స్క్రీన్ షేర్ లో మౌస్ తడబాటు చాలావరకు తగ్గింది, ఒట్టి కెర్నెల్ మారినందుకే! బీపీఎఫ్‌ల్యాండ్ ఎక్కించి నైస్ తో బిల్డ్ పెడితే అది కూడా బాగుంది, పెర్ఫ్ లో బ్రౌజర్ గరిష్ఠ ఆలస్యం ఇంకా కిందకొచ్చింది, కానీ బిల్డ్ కొంచెం నెమ్మదించింది. రోజూ కి డిఫాల్ట్ ప్లస్ సీపీయూ వెయిట్ ఉంచి, డెమో ఉన్న రోజు బీపీఎఫ్‌ల్యాండ్ ఎక్కిద్దామని అనుకుంటున్నా. 6.8 లో వచ్చి కొత్తదాంట్లో పోయిన ఆ తడబాటుని ఎవరికైనా చెప్పాలా, అవసరం లేదా?

ఓరుగల్లు_రూట్

పోయినదానికి ఏం అక్కరలేదు తమ్మీ, 6.12 ల ఈఈవీడీఎఫ్ కి మిగిలిన పని చానా పూర్తి చేసిన్రు, నీకు కనిపించింది అదే అయి ఉండొచ్చు. ఇగ మీదట కొత్త కెర్నెల్ కి పోయినంక మళ్ళ ఆగుడు మొదలైతే మాత్రం షెడ్యూలర్ మార్చి ఊకోకు, ఉబుంటు బగ్ ట్రాకర్ ల పెట్టు. బాగ పనిచేసిన ఆఖరి వెర్షన్ ఏది, చెడిన మొదటి వెర్షన్ ఏది, పెర్ఫ్ షెడ్ రికార్డింగ్, కోర్లు ఎన్ని, ఏ లోడ్ మీద వస్తున్నదో అన్నీ రాయి, సొంతంగ మెయిన్‌లైన్ కెర్నెల్ మీద కూడా వస్తుందని చూపిస్తే నేరుగ కెర్నెల్ మెయిలింగ్ లిస్టుకే పంపొచ్చు, గానీ మెయిల్ ప్లెయిన్ టెక్స్ట్ ల ఉండాలె, హెచ్‌టీఎంఎల్ అయితే లిస్ట్ దాన్ని తీస్కోదు. ఎస్సీఎక్స్ ఎక్కి ఉన్నప్పుడు వచ్చిన సమస్యను మాత్రం ఆ షెడ్యూలర్ రాసినోళ్ళ దగ్గర పెట్టు, దాన్ని దించి ఒట్టి డిఫాల్ట్ మీద కూడా వస్తదా లేదా చూసినంకనే.